కుండ నుండి పింగాణీ వరకు

వేసవి వచ్చినదనగా మన యిండ్లలో రెండు పాత్రలకు పని పెరుగును. ఒకటి మంచినీళ్ళ కుండ. రెండవది ఆవకాయ జాడీ. రెండును మంటలో కాలిన మట్టియే. అయినను కుండ చెమర్చినగాని నీరు చల్లబడదు. జాడీ చెమర్చినచో ఊరగాయ నిలువదు. ఈ భేదమెట్లు కలిగినదో మనము విచారింతము.

ఎండిన బంకమట్టి నీటిలో వేసిన తిరిగి బురదయగును. సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి రేణువులలో ఇమిడియున్న నీరు విడిపోవును. అటుపైన అది బురద కానేరదు. కుమ్మరి ఆవములో జరుగునది ఇదియే. కాని రేణువుల నడుమ సన్నని రంధ్రములు మిగిలియుండును. వాటిగుండ వెలువడిన నీరు ఆవిరియగుచు లోపలి వేడిని హరించును. తగిన మట్టిని 1200 డిగ్రీలు దాటించి కాల్చినచో కొంతభాగము కరగి, గాజువలె మారి, ఆ రంధ్రములను పూడ్చివేయును. జాడీ మట్టి ఇట్టిది. దాని పైపూతయు ఒకవిధమైన గాజే. కళాయిలేని ఇత్తడికి చిలుమెక్కించు ఉప్పు, పులుపు మంచి జాడీని ఏమియు చేయజాలవు.

ఈ విద్యలో చీనావారు అగ్రగణ్యులు. తెల్లమట్టిని రాతిపొడితో కలిపి, మరింత వేడిలో కాల్చి, పింగాణీ చేసిరి. ఐరోపావారు దానిని శతాబ్దములపాటు కొనిరేగాని చేయలేకపోయిరి. బంగారము చేయగలనన్న బోట్గర్ అను యువకుని జర్మనీలోని సాక్సనీ ప్రభువు ఆగస్టస్ 1701లో నిర్బంధించెను. బంగారము పుట్టలేదు. చిర్న్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు అతనిని పింగాణీ పరిశోధనకు మళ్ళించెను. 1708లో తెల్లని పింగాణీ సిద్ధించెను. 1710లో మైసెన్ కోటలో కర్మాగారము వెలసెను. రహస్యము పొక్కునని బోట్గర్‌ను 1714 వరకు విడువలేదు. అతడు 1719లో, 37వ యేట మరణించెను. అంత దాచినను ఆ యేటికే వియన్నాలో పింగాణీ తయారగుచుండెను.

పింగాణీ విద్యుత్తును పారనీయదు. కనుకనే కరెంటు స్తంభములపై తీగలకు అది ఆధారమైనది. మనము వినుచున్న రేడియోలోని చిన్న కెపాసిటర్లలో పెక్కింటికి దాని జాతి పదార్థమే ప్రాణము.

ఒక జాగ్రత్త మాత్రము మనము మరువరాదు. పైపూతలో సీసముండి, అది సరిగా కాలనిచో, పులుపు ఆ సీసమును ఆహారములోనికి లాగును. సీసము పిల్లల మెదడునకు హాని చేయును. కావున అలంకారమునకు చేసిన పాత్రలోను, పూత పెచ్చులూడిన జాడీలోను ఊరగాయ పెట్టరాదు. ఈ యేడు ఆవకాయ కలుపుటకు ముందు మన జాడీని ఒక్కసారి వెలుతురులో తిప్పి చూచుకొందము.