కాందా మ్యోజిన్: రాజద్రోహి దేవుడైన ఆలయం

టోక్యోలో ఎలక్ట్రానిక్ వస్తువుల దుకాణాలకు పేరుమోసిన అకిహబారా నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే చేరుకోగలిగిన గుట్టపై ఉన్న కాందా మ్యోజిన్ క్రీ.శ. 730లో వెలసిందని సంప్రదాయం చెబుతుంది. జపాన్ దేశీయ ధర్మమైన షింటోలో ఆరాధ్యశక్తులను 'కామి' అంటారు. కొండలు, చెట్లు మొదలైన ప్రకృతి రూపాలే కాక, కసి తీరకుండా చనిపోయిన మనుషులు కూడా కామి కావచ్చు, నిజానికి వారిని కొలవకపోతేనే ప్రమాదమని పూర్వుల నమ్మకం.

తైరా నో మసకాదో అటువంటివాడు. 939లో తూర్పు రాష్ట్రాలను ఆక్రమించి, క్యోటోలో చక్రవర్తి ఉండగానే తానే కొత్త చక్రవర్తినని ప్రకటించుకొన్న ఈ యోధుడు మరుసటి ఏడు యుద్ధంలో హతుడు కాగా, 1309లో ఈ ఆలయంలో కామిగా ప్రతిష్ఠితుడయ్యాడు. నేటి టోక్యోకు పూర్వనామమైన ఎదో నుంచి దేశాన్ని ఏలిన తొకుగావా షోగన్లు, అనగా సైనిక పాలకులు, 1616లో ఆలయాన్ని తమ కోటకు ఈశాన్యంగా ఉన్న ఇప్పటి స్థలానికి తరలించారు. తెలుగువారి వాస్తుకు శుభప్రదమైన ఈశాన్యం జపానీయులకు కీడు చొరబడే దిక్కు కావడం గమనార్హం. ఆలయ ఉత్సవపు ఊరేగింపుకు కోటలోనికి ప్రవేశం లభించింది. చక్రవర్తిని ధిక్కరించినవాడు షోగన్ల రాజధానికి కాపలాదేవుడు కావడంలో రాజకీయం లేదనుకోవడం కష్టం.

షోగన్ల పాలన కూలి చక్రవర్తికే అధికారం దక్కాక లెక్క తలకిందులైంది. 1874లో మెయిజీ చక్రవర్తి ఆలయ దర్శనానికి వచ్చిన సందర్భంలో, రాజద్రోహి ఎదుట రాజు తలవంచరాదన్న కారణంతో మసకాదోను ప్రధానాలయం నుంచి పక్కనున్న చిన్న గుడికి మార్చి, అతని స్థానంలో సుకునహికోనా అనే కామిని ప్రతిష్ఠించారు. ఈ మార్పు పేటవాసులకు రుచించలేదు. మసకాదో తిరిగి లోనికి రావడానికి 1984 దాకా పట్టింది. అయినా సుకునహికోనాను పంపించివేయలేదు గనుక, నేడు ఇద్దరూ ఒకే గర్భాలయంలో పూజలందుకొంటున్నారు.

1923 భూకంపంతో వచ్చిన మంటల్లో కాలిపోయిన ఆలయాన్ని 1934లో కాంక్రీటుతో పునర్నిర్మించి, పైన ఎర్రని లక్క పూశారు. కొయ్యకు అలవాటుపడిన కళ్లకు ఇది కృతకంగా తోచినా, 1945 బాంబుదాడుల్లో ప్రధానాలయాన్ని నిలబెట్టింది కాంక్రీటే. నేటి సందర్శకులు పెట్టెలో నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు చరిచి, మళ్లీ ఒకసారి వంగుతారు. తిరిగివచ్చేటప్పుడు కంప్యూటరు పాడవకుండా దానిపై అతికించుకొనే రక్షారేకును కొనుక్కొని అకిహబారా వైపు దిగిపోతారు.