గాజు తొట్టిలో పాచి: 175 ఏళ్ళ డీబగ్గింగు

చేపల తొట్టి కొన్న ప్రతివాళ్ళకీ నెల తిరక్కుండానే వచ్చే సందేహం ఒకటే. "ఈ పాచి పోవాలంటే ఏం వెయ్యాలి?" తిరకాసంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఏదో ఒకటి 'వేస్తే' పోతుందని ముందే ఒప్పేసుకుని అడుగుతున్నాం. షాపువాడు కూడా అందుకు తగ్గట్టే ఓ చిన్న సీసా చేతిలో పెడతాడు. కొన్నాళ్ళు నీళ్ళు అద్దంలా ఉంటాయి. తర్వాత పాచి మళ్ళీ వస్తుంది. ఈలోగా తొట్టిలో నత్తలో, రొయ్యలో ఉంటే అవి పోయినా పోతాయి.

మన భాషలో చెప్పాలంటే, సర్వర్ మీద లోడు ఎందుకు పెరుగుతోందో చూడకుండా రోజూ రీస్టార్ట్ చెయ్యడం అన్నమాట. తమాషా ఏంటంటే, ఈ సమస్యని సరిగ్గా పట్టుకున్నాయన ఒకాయన 1849లోనే ఉన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది ఆ పాఠాన్ని పక్కనబెట్టి, దెబ్బలు తిని, మళ్ళీ అక్కడికే వచ్చారు.

కాస్త వెనక నుంచి మొదలుపెడదాం. 1770ల్లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ నీళ్ళ పాత్రల గోడలకి పట్టిన ఒక పచ్చటి పొరని గమనించాడు. ఎండ తగిలితే దాంట్లోంచి బుడగలు వచ్చేవి. ఆ బుడగల్లోది మంటని మరింత బాగా మండించే గాలి, అంటే మనం ఇప్పుడు ఆక్సిజన్ అంటున్నది. ఆ పొర ఏమిటో ఆయనకి అంతుపట్టక 'పచ్చ పదార్థం' అని ఊరుకున్నాడు. అది పాచే. 1779లో యాన్ ఇంగెన్‌హౌస్ అసలు సంగతి తేల్చాడు: మొక్కల్లోని పచ్చటి భాగాలు వెలుగులో ఉన్నప్పుడే ఈ గాలిని వదుల్తాయి. అంటే మనం విలన్ అనుకునే పాచి, కథలో మొదట ప్రవేశించింది ప్రాణవాయువునిచ్చే పాత్రలో!

ఇక మన హీరో. పేరు రాబర్ట్ వారింగ్టన్. లండన్లో మందుల తయారీదారుల సంఘానికి రసాయన శాస్త్రవేత్త. 1849లో ఆయన సుమారు 12 గాలన్లు, అంటే దాదాపు 55 లీటర్లు పట్టే గాజు పాత్ర తీసుకుని, అడుగున ఇసక, మట్టి, రాళ్ళు వేసి, సగం దాకా ఊటనీళ్ళు పోసి, రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లనీ ఒక వాలిస్నేరియా మొక్కనీ పెట్టాడు. (పొడుగాటి రిబ్బన్లలాంటి ఆకులుండే మొక్క. ఇప్పటికీ ప్రతి అక్వేరియం షాపులోనూ దొరుకుతుంది.) చేప వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని మొక్క తీసుకుంటుంది, మొక్క ఇచ్చే ఆక్సిజన్‌ని చేప తీసుకుంటుంది. కాగితం మీద డిజైన్ పర్ఫెక్ట్.

ప్రొడక్షన్లో మాత్రం తేడా వచ్చింది. ముసలి ఆకులు కుళ్ళడం మొదలైంది. నీళ్ళు మసకబారాయి. గాజుకీ ఆకులకీ జిగురులా పచ్చటి పాచి పట్టింది. ఇక్కడ వారింగ్టన్ చేసిన పనే నాకు చాలా నచ్చింది. ఆయన పాచిని చంపే మందు కోసం వెతకలేదు. చెరువులో కూడా ఆకులు కుళ్ళుతాయి కదా, అక్కడ ఈ పని ఎవరు చేస్తున్నారు, నా పాత్రలో లేనిదెవరు అని చూశాడు. జవాబు: నత్త. అయిదారు చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్ళు ఆకుల్నీ పాచినీ తినేశాయి, నీళ్ళు తేటపడ్డాయి, నత్తల గుడ్లు చేపలకి ఆహారమయ్యాయి. ఈ వివరాలన్నీ 1850లో లండన్ కెమికల్ సొసైటీ ముందు చదివాడు. సొంత వ్యవస్థలో లోపాన్ని దాచకుండా, అది ఎలా కుదుటపడిందో కూడా రాసిపెట్టిన మంచి రిపోర్టు అది.

తర్వాత ఇంగ్లండులో అక్వేరియం పిచ్చి మొదలైంది. 1845లోనే అక్కడ గాజు మీద పన్ను ఎత్తేశారు కాబట్టి తొట్లు చవకయ్యాయి. 1853లో లండన్ జూలో చేపల శాల తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అన్న మాట ఇంటింటికీ చేరింది. జనం తొట్టిని తీసుకెళ్ళి బాగా ఎండ పడే కిటికీలో పెట్టారు. తర్వాత ఏమైందో మీరు ఊహించగలరు. చెరువులోకి వెలుగు పైనుంచే వస్తుంది. గాజు తొట్టిలోకి అన్ని పక్కల్నుంచీ వస్తుంది. కిటికీలో పెట్టిన తొట్టి పాచి నర్సరీ అయి కూర్చుంటుంది. 1860లు గడిచేసరికి ఆ వేలంవెర్రి చల్లబడిపోయింది.

వెలుగు సంగతి గట్టిగా పట్టించుకున్నాయన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. 1871లో లండన్లో తెరిచిన క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో, జనం చూసే తొట్ల కంటే ఎన్నో రెట్లు పెద్దదైన చీకటి ట్యాంకు కింద కట్టించి, నీళ్ళని ఎప్పుడూ దాంట్లోంచి తిప్పుతూ ఉండేవాడు. అది సముద్రపు నీళ్ళ అక్వేరియమే అయినా సూత్రం మన తొట్టికీ ఒకటే: నీళ్ళు ఎక్కువ, వెలుగు తక్కువ.

ఇంతలో మళ్ళీ 'మందు' వచ్చింది. 1904లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే జార్జ్ మూర్, కార్ల్ కెల్లర్మన్ తాగునీటి జలాశయాల్లో పాచిని మైలుతుత్తంతో చంపొచ్చని చూపించారు. మన తోటల్లో సున్నంతో కలిపి కొట్టే బోర్డో మిశ్రమంలో ఉండేది ఈ మైలుతుత్తమే. పెద్ద జలాశయానికి అది పనికొచ్చే పద్ధతే, ఇప్పటికీ వాడుతున్నారు. కానీ చిన్న తొట్టిలో లెక్క వేరు. రాగి నత్తల్నీ రొయ్యల్నీ చంపుతుంది. నీళ్ళు మెత్తనివైతే చేపలకీ ప్రమాదమే. చచ్చిన పాచి కుళ్ళి ఆక్సిజన్‌ని లాగేస్తుంది. దాంట్లో ఉన్న పోషకాలు మళ్ళీ నీళ్ళలోకే వస్తాయి, తర్వాతి పాచికి విందు భోజనం రెడీ. వారింగ్టన్ తెచ్చి పెట్టిన నత్తని చంపి మరీ పాచిని పెంచుకోవడం! షాపుల్లో అమ్మే పాచి మందుల్లో కొన్నింటిలో ఉండేది ఈ రాగే, లేబుల్ చూసి కొనండి.

తర్వాతి అంకం చెరువుల్లో జరిగింది. కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో 226 నంబరు సరస్సుని మధ్యలో ప్లాస్టిక్ తెరతో రెండుగా విడదీసింది. ఒక సగంలో కార్బన్, నైట్రోజన్ వేశారు. రెండో సగంలో వాటితోపాటు ఫాస్ఫరస్ కూడా. రెండోది పచ్చగా మారిపోయింది, మొదటిది మారలేదు. ఇంత శుభ్రమైన ఏ/బి టెస్టు నేనెక్కడా చూళ్ళేదు. డిటర్జెంట్లలో ఫాస్ఫేటు మీద ఆంక్షల వాదనకి బలమిచ్చింది ఇదే. మురుగు కలిసే హుస్సేన్ సాగర్ ఎందుకు పచ్చబడుతుందో అర్థం కావాలన్నా ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

సహజంగానే తొట్టి జనాలు కూడా "దొంగ దొరికాడు, ఫాస్ఫేటే!" అనుకున్నారు. 1996లో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనే ఇద్దరు అభిరుచిపరులు ఫాస్ఫేటుని కరువులో ఉంచి, మిగతా పోషకాలు మొక్కలకి అందిస్తే పాచి తగ్గుతుందని రాశారు. చాలామందికి పనిచేసింది కూడా. కానీ తర్వాత టామ్ బార్ లాంటివాళ్ళు, ఒత్తుగా మొక్కలున్న తొట్టిలో కావాలనే ఫాస్ఫేటు వేసి చూశారు. మొక్కలు ఏపుగా పెరిగాయి, పాచి మాత్రం రాలేదు!

మరి షిండ్లర్ తప్పా? కాదు. 1993లో మార్టెన్ షెఫర్ బృందం లోతు తక్కువ చెరువుల గురించి రాసిన పరిశోధనా వ్యాసంలో దీనికి జవాబు దొరుకుతుంది. ఒకే మోతాదు పోషకాలతో ఒక చెరువు రెండు రకాలుగా స్థిరపడొచ్చు. మొక్కలు నిండి ఉంటే తేటగా, మొక్కలు పోతే పచ్చటి సూపులా. ఒక స్థితిలోంచి రెండోదాంట్లోకి జారితే వెనక్కి రావడం కష్టం. అంటే పోషకాలెన్ని ఉన్నాయన్నది ఒక్కటే కాదు, వాటిని వాడుకునేవాళ్ళు ఎవరున్నారన్నది కూడా లెక్కే.

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఇది. ప్రతి తరమూ "దేన్ని తీసేస్తే పోతుంది?" అని అడిగి సగం జవాబుతో సరిపెట్టుకుంది. వారింగ్టన్ అడిగిన "ఇక్కడ లేనిదెవరు?" అన్న ప్రశ్నే ఎక్కువ దూరం తీసుకెళ్ళింది. ఇది చేపల గొడవ మాత్రమే కాదు. పచ్చబడ్డ మన చెరువుల్లో కూడా ముందు మందు చల్లుదామనే చూస్తాం. మురుగు ఆపడం, గట్టు పొడుగునా పోయిన మొక్కల్ని తిరిగి తేవడం ఆ తర్వాతెప్పుడో.

ఇంట్లో తొట్టి ఉన్నవాళ్ళకి ఈ చరిత్రంతా కలిపి నాలుగు ముక్కల్లో: కిటికీ దగ్గర పెట్టకండి, లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు. మొదటి రోజునుంచే తొట్టిలో సగం మేరకైనా త్వరగా పెరిగే మొక్కలు నాటండి. రెండు నిమిషాల్లో చేపలు తినేసేంత మేతే వెయ్యండి, మిగిలిందంతా పాచికే. వారానికోసారి మూడో వంతు నీళ్ళు మార్చండి, కుళాయి నీళ్ళైతే క్లోరిన్ పోగొట్టాకే పొయ్యండి.

ఇవన్నీ చేశాక కూడా గాజు మీద కాస్త పాచి కనబడితే కంగారు పడక్కర్లేదు. నత్తలకి కూడా తిండి కావాలి కదా :)