గుండె కవాటము – అంతర్దర్శిని

గుండెలో నాలుగు కవాటములు గలవు. ఇవి తలుపులవలె తెరచుకొనుచు, మూసుకొనుచు రక్తమును ఒకే దిశలో పోనిచ్చును. కీళ్ళవాత జ్వరము మొదలగు వ్యాధులవలన ఈ తలుపులు చెడినచో, రక్తములో కొట్టుకొనివచ్చు సూక్ష్మజీవులకు అచ్చట నిలువ నీడ దొరకును. అవి పెరిగి కవాటమును తినివేయును. ఈ వ్యాధికే ఎండోకార్డైటిస్ అని పేరు. 1885లో విలియం ఆస్లర్ లండనులో దీనినిగూర్చి ప్రసిద్ధములైన ఉపన్యాసములిచ్చెను. పెన్సిలిన్ రాకకు పూర్వము ఈ రోగమునుండి బయటపడినవారు బహు అరుదు.

ఈ క్రిములు రక్తములోనికి ఎట్లు వచ్చును? 1935లో ఓకెల్, ఎలియట్ అను వైద్యులు పన్ను పెరికిన వెంటనే రోగుల రక్తమును పరీక్షించిరి. నోటిలోని స్ట్రెప్టోకాకస్ క్రిములు పలువురి రక్తములో కనబడెను. ఆరోగ్యవంతులలో ఇవి త్వరలోనే నశించును. కాని కవాటము చెడినవారి గతి యేమి? ఈ భయముతోనే 1955లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అట్టివారికి ముందుగా పెన్సిలిన్ ఇయ్యవలెనని సూచించినది.

1957లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున బాసిల్ హిర్షోవిట్జ్ గాజుపోగులతో చేసిన, వంగెడు అంతర్దర్శినిని మొదట తన గొంతులోనికే దింపుకొనెను. తరువాత పెద్దప్రేగును చూచు గొట్టములును వచ్చెను. ప్రేగులలో క్రిములు కోటానుకోట్లు. పంటికి వర్తించిన న్యాయము ప్రేగునకు వర్తింపదా? ఇట్లు తలచి, జీర్ణమార్గపు చికిత్సలకును ముందు మందు సూచింపబడెను.

పిమ్మట లెక్కలు చూచిరి. పెద్దప్రేగును పరీక్షించినపుడు సగటున నూటికి సుమారు నలుగురి రక్తములోనే క్రిములు కనబడెను. ఇరుకైన అన్ననాళమును వెడల్పు చేయునపుడు నూటికి 12 మొదలు 22 వరకు. అయితే పండ్లు తోముకొని, సందులను దారముతో శుభ్రపరచుకొన్నపుడో, వేర్వేరు పరిశీలనలలో 20 మొదలు 68 వరకు! రోజూ జరుగు పనిముందు ఎన్నడో జరుగు పరీక్ష యెంత? పైగా మందువలన కొందరికి తీవ్రమైన ఎలర్జీ కలుగును. మందునకు లొంగని క్రిములును ప్రబలును.

అంతర్దర్శిని పరీక్ష తరువాత ఈ వ్యాధి కనబడిన సందర్భములు అరుదుగా గలవు. అయినను కాకి వాలినంతనే తాటిపండు రాలినచో, కాకియే కారణమని చెప్పరాదు గదా! కావున 2007లో ఆ సంస్థయే, కేవలము ఈ వ్యాధిని నివారించుటకై జీర్ణమార్గపు పరీక్షలకు ముందు మందు అనవసరమని ప్రకటించినది.

అట్లని అశ్రద్ధ తగదు. కృత్రిమ కవాటము గలవారు ఆ సంగతి వైద్యునకు ముందే తెలుపవలెను. పరీక్ష తరువాత విడువని జ్వరము వచ్చినచో, మందు మ్రింగుటకు ముందే రక్తపరీక్ష చేయించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యము, పండ్లను, చిగుళ్ళను నిత్యము శుభ్రముగా నుంచుకొనుట.