పోలియో: వ్యాప్తి నిఘా, నిర్మూలనము
పోలియో వైరసు సోకిన 200 మందిలో ఇంచుమించు ఒక్కరికి మాత్రమే అవయవములు చచ్చుబడును. తక్కినవారు రోగచిహ్నమేమియు లేకయో, స్వల్పజ్వరముతోనో ఉండి, మలము మూలమున దానిని ఇతరులకు వ్యాపింపజేయుదురు గనుక, కంటికి కానవచ్చు రోగులను లెక్కించుట చాలదు. అందుచేత 15 ఏండ్లలోపు పిల్లలకు హఠాత్తుగా కాలుసేతులు పడిపోయినచో, కారణమేదైనను, 24 గంటల ఎడముతో రెండు మలనమూనాలు సేకరించి ప్రయోగశాలకు పంపుటయు, నగరముల మురుగునీటిని పరీక్షించుటయు నిఘాకు మూలాధారములైనవి. 2016లో హైదరాబాదు అంబర్‌పేట మురుగునీటిలో, టీకామందునుండి పరిణమించిన రెండవ రకపు వైరసు బయల్పడగా, ఒక్క శిశువునకైనను పక్షవాతము కనబడకమునుపే అచ్చటి పిల్లలకు టీకాలు వేయించుట ఈ పద్ధతి సార్థకతకు ఉజ్జ్వల నిదర్శనము. 1988లో ప్రపంచ ఆరోగ్య సభ నిర్మూలనసంకల్పము చేసిననాడు ఏటేట సుమారు 3,50,000 మంది పోలియో వాతబడుచుండిరి. భారతదేశమున సహజవైరసుకు కడపట గురియైనది 2011 జనవరిలో హౌరా జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ. రెండవ, మూడవ రకముల సహజవైరసులు నశించినవి; మొదటి రకము ఆఫ్ఘనిస్తాను, పాకిస్తానులలో ఇంకను సంచరించుచున్నది.