అన్నదమ్ముల పేరు మోసే అడ్డాకు

భోగాపురం వైపు పల్లెల్లో పాతకాలం పెళ్లి భోజనమంటే అడ్డాకు విస్తరే. ఎండినా తొందరగా చిరగదు. కట్టలు కట్టి దాచుకుంటే నెలల తరబడి పనికొస్తుంది. అయితే ఆ ఆకునిచ్చే అడ్డతీగ ఈ తీరపు ఇసుక నేలల్లో పెరిగేది కాదు. సీతంపేట, పార్వతీపురం కొండల్లో సవర, జాతాపు ఆడవాళ్లు ఆకు కోసి, వెదురు పుల్లలతో కుట్టి సంతకు తెస్తే మైదానానికి దిగేది. విశాఖ కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో అడ్డాకు కూడా ఉంది.

ఆకును చేతిలోకి తీసుకుంటే కొస దగ్గర నిలువునా చీలి, ఆవు గిట్టలా రెండు పాయలుగా ఉంటుంది. శాస్త్రనామం పుట్టింది ఆ చీలిక నుంచే. 16వ శతాబ్దంలో జాన్ బోహాన్, గాస్పార్ బోహాన్ అని ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరూ వైద్యులు, ఇద్దరూ మొక్కల పరిశోధకులే. తమ్ముడు గాస్పార్ 1623లో అచ్చువేసిన ‘పినాక్స్’లో దాదాపు ఆరు వేల మొక్కల పేర్లను క్రమంలో పెట్టాడు. ఈ ప్రజాతికి వారి పేరు మీద బౌహీనియా అని పేరు పెట్టినవాడు ఫ్రెంచి సన్యాసి ప్లుమియే. ఒకే ఆకులో రెండు పాయలు ఆ సోదరులకు గుర్తని రాసి, ఆ పేరును స్థిరపరచినవాడు లిన్నేయస్. మొక్కల పేర్లలో ఇంత అందమైన ఊహ నాకు మరొకటి కనబడలేదు.

శాస్త్రనామంలో రెండో మాట వెనుక కథ వేరు. డెన్మార్క్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త మార్టిన్ వాల్ 1794లో ఈ తీగకు రాసెమోసా అని పేరు పెట్టాడు. ఆ పేరు అప్పటికే మన ఆరెచెట్టుకు ఉంది. తికమక తీర్చడానికి రాబర్ట్ వైట్, ఆర్నాట్ 1834లో దీన్ని బౌహీనియా వాలియై అన్నారు. ఇప్పుడు ఫనెరా అనే ప్రజాతిలో చేర్చినా వాల్ పేరు మాత్రం పోలేదు.

ఆకును బట్టి పేరు పెట్టడం ఐరోపావాళ్లకు అలవాటే. మన దొండ ఆకులో వాళ్లకు తమ ఊరి గోడలెక్కే ఐవీ కనిపించింది, ఇంగ్లీషులో దొండ ‘ఐవీ గార్డ్’ అయింది. ఆ ఐవీ కాండం నుంచి పుట్టే చిన్న వేళ్లతో గోడను అంటుకుంటుంది. అడ్డతీగ పద్ధతి అది కాదు. నులితీగలతో కొమ్మలను చుట్టుకుంటూ ఎత్తైన గుగ్గిలం చెట్ల నెత్తికెక్కి అక్కడ పరుచుకుంటుంది. చెట్టుకు ఎండ తగలనివ్వదు కాబట్టి కలప పెంచే అటవీ శాఖలు దీన్ని చాలాకాలం కొట్టేయవలసిన తీగగానే చూశాయి. కొండవాళ్ల లెక్క వేరు: ఆకు విస్తరికి, నార తాడుకు, గింజలు వేయించుకు తినడానికి. వేసవిలో ఎండిన కాయలు పెద్ద చప్పుడుతో పగిలి గింజలను దూరంగా విసురుతాయి.

కొండల్లో ఈ తీగ ఊరిపేరులోనూ ఉంది. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం పట్టపగలు చేరిన పోలీసు ఠాణా అడ్డతీగలలోనిదే.