పితూరీ అని రాసిన కాగితాలు

ఒకరు చేసిన అన్యాయం గురించి పెద్దల దగ్గరికి వెళ్లి చెప్పడాన్ని తెలుగులో పితూరీ చెప్పడం అంటాం. మద్రాసు ప్రెసిడెన్సీ సర్కారు కాగితాల్లో అదే మాటకు తిరుగుబాటు అని అర్థం. 1879లో రంప కొండల్లో జరిగినదాన్ని ఇంగ్లీషు దొరలు పితూరీ అనే రాసుకున్నారు. 1922లో గూడెం కొండల్లో మొదలైనదానికీ అదే మాట వాడారు. మన తాతలు చెప్పుకున్న గోడూ, సర్కారు వాళ్ల మీద మోపిన నేరమూ ఒకే మాట కింద చేరిపోయాయి. ఆ కాగితాలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఆ కాగితాలు చాలా రకాలు. కలెక్టరు గవర్నరుకు పంపిన ఉత్తరాలు, రెవెన్యూ బోర్డు తీర్మానాలు, జుడీషియల్ శాఖ ఉత్తర్వులు, పోలీసుల నివేదికలు, కోర్టు తీర్పులు, డిక్రీలు. వీటిలో ఎక్కువ భాగం చెన్నైలో ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. జిల్లా రికార్డులు కొన్ని హైదరాబాదులో తార్నాకలోని ఆర్కైవ్స్‌కు చేరాయి. ఇవన్నీ అధికారులు పై అధికారుల కోసం రాసుకున్నవి. మనం చదువుతామని ఎవరూ రాయలేదు. అందుకే వాటిలో మనవాళ్లు ముద్దాయిలుగానో, బాకీదార్లుగానో, సాక్షులుగానో, కాల్పుల్లో చనిపోయినవాళ్లుగానో కనిపిస్తారు. అడవిలో బతికినవాళ్లుగా, పంట పండించినవాళ్లుగా కనిపించేది తక్కువ. ఆడవాళ్ల మాట మరీ అరుదు.

అయినా వాటిని వదిలెయ్యకూడదు. ఎందుకో తెలియాలంటే రంప సంగతే చూద్దాం.

రంప కొండల్లో ఊళ్లు ముఠాలుగా ఉండేవి. ఒక్కో ముఠాకు ఒక ముఠాదారు. వాళ్ల మీద మన్సబుదారు. 1848లో కంపెనీ సర్కారు ఒప్పందం చేసుకుని ఆ మన్సబుదారును ఖాయం చేసింది. ముఠాదార్లు అతనికి కట్టాల్సింది కట్టాలి. దాని మీద అతను ఏటేటా కొత్త పన్నులు పెంచుకుంటూ పోయాడు. వాటిలో చిగురుపన్ను ఒకటి. అది కల్లు మీద వేసిన పన్ను. జీలుగు, తాటి కల్లు మనవాళ్లకు సరదాకు తాగేది మాత్రమే కాదు. గింజలు అయిపోయే వేసవి రోజుల్లో కడుపు నింపేది అదే. పండగకూ, పెళ్లికీ, చావుకూ అదే కావాలి. 1879కి కాస్త ముందు కొత్త అబ్కారీ నిబంధనలు వచ్చాయి. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా నేరమయింది. కల్లు పాట పాడుకున్న గుత్తేదార్లు చెట్టు చెట్టుకూ డబ్బు అడిగారు. వాళ్ల వెనక పోలీసులు వచ్చారు. పోలీసులకు కోళ్లూ, మేకలూ, బియ్యమూ ఊరే పెట్టాలి.

ఇక కోర్టుల సంగతి. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు ఉప్పు, బట్ట, రొక్కం అప్పిచ్చి, చింతపండూ ధాన్యమూ ఇస్తామని కాగితాలు రాయించుకునేవాళ్లు. రాసింది ఏమిటో వేలిముద్ర వేసినవాళ్లకు తెలియదు. గడువు దాటగానే షావుకారు కింద సివిల్ కోర్టులో దావా వేసేవాడు. సమన్లు వచ్చినా చదివేవాళ్లు లేరు. అందినా కొండ దిగి వాయిదాకు వెళ్లే దారి లేదు. ప్రతివాది రాలేదు కాబట్టి కోర్టు ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేసేది. ఆ డిక్రీ పట్టుకుని జప్తుకు వచ్చినవాళ్లు చిన్న బాకీకి ఎడ్లనూ, గాదెలో గింజలనూ తోలుకుపోయేవాళ్లు.

ఇప్పుడు ఆ డిక్రీ కాగితాన్ని ఒక్కదాన్నే చేతిలో పెట్టుకుని చదవండి. దావా వేసినట్టు ఉంటుంది. సమన్లు పంపినట్టు ఉంటుంది. ప్రతివాది హాజరు కానట్టు ఉంటుంది. అన్నీ చట్టం ప్రకారమే జరిగినట్టు ఉంటాయి. వంద సార్లు చదివినా అందులో అన్యాయం కనపడదు.

1879 మార్చిలో మనవాళ్లు తిరగబడ్డారు. చోడవరం దగ్గర పోలీసుల మీద పడ్డారు. ఏప్రిల్‌కు అది విశాఖపట్నం జిల్లా గొలుగొండ కొండలకు పాకింది. జూలైకి భద్రాచలం వైపు రేకపల్లికి చేరింది. రేకపల్లి ప్రాంతం అంతకు కొన్నేళ్ల ముందే, 1874లో, సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు కిందికి వచ్చింది. వచ్చాక పోడు మీద పన్ను పెరిగింది, కొన్ని చోట్ల పోడు కొట్టనివ్వలేదు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి వంటివాళ్లు ముందు నిలిచారు. సర్కారు ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లనూ, ఇంకా ఇతర బలగాలనూ కొండల్లోకి దించింది. 1880లో చంద్రయ్యా తమ్మన్నదొరా చనిపోయారు.

ఈలోగా సర్కారుకు ఒక సందేహం వచ్చింది. ఇంతమంది ఒక్కసారిగా ఎందుకు లేచారు? కారణాలు తెలుసుకురమ్మని రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్‌ను పంపింది. ఆ విచారణలో బయటికొచ్చినవి ఏమిటి? మన్సబుదారు పిండిన పన్నులు, కల్లు నిబంధనలు, పోలీసుల దోపిడి, షావుకార్ల ఏకపక్ష డిక్రీలు. మన పెద్దలు చెప్పుకునే కారణాలే దొరల కాగితాల్లోనూ ఎక్కాయి. తర్వాత సర్కారు మన్సబుదారును తొలగించి, ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది.

అంటే ఒకే సర్కారు దగ్గర రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి ఎడ్లను తోలుకుపొమ్మన్న డిక్రీ. రెండోది ఆ డిక్రీల వల్లే కొండ రగిలిందని ఒప్పుకున్న నివేదిక. మొదటిది కోర్టు బీరువాలో ఉంటుంది, రెండోది మద్రాసు ఫైల్లో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే అసలు జరిగింది తెలుస్తుంది. చరిత్ర పుస్తకాల్లో మనవాళ్లను ఆవేశపరులనీ, ఎవరో రెచ్చగొడితే లేచినవాళ్లనీ రాసిన చోట మనం చూపించాల్సింది ఈ రెండో కాగితాన్నే.

చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. కోయ భాషలో చెప్పిన మాట తెలుగులోకి మారి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మారి వాంగ్మూలం అయింది. చెప్పిన మనిషి కాళ్లకు సంకెళ్లు ఉండి ఉండవచ్చు. కాబట్టి ఫలానావాడు నేరం ఒప్పుకున్నాడని ఉంటే, ఎవరి ముందు, ఏ భాషలో, ఎలాంటి స్థితిలో ఒప్పుకున్నాడని అడగాలి. ఊళ్ల పేర్లూ, ఇంటిపేర్లూ ఇంగ్లీషు అక్షరాల్లో పడి గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. వాటిని సరిగ్గా పలకగలిగేది ఆ ఊళ్లవాళ్లే. ఆర్కైవ్స్‌లో కూర్చున్న పండితుడికి దొరకని ఊరు మన ముసలమ్మకు ఒక్క మాటలో దొరుకుతుంది.

ఇదంతా పాత ముచ్చట అనుకోవడానికి లేదు. గంజాం, విశాఖపట్నం కొండలను మామూలు కోర్టుల నుంచి తప్పించి ఏజెంటు కింద పెట్టిన చట్టం 1839లోనే వచ్చింది. రంప కొండలు అందులోకి రాలేదు. భూమి విషయంలో మనకు రక్ష కల్పించిన చట్టం 1917 దాకా రాలేదు. ఆ ఏడాది వచ్చిన ఏజెన్సీ వడ్డీ, భూ బదలాయింపు చట్టం వడ్డీ నూటికి ఏడాదికి 24 రూపాయలు దాటకూడదంది. ఏజెంటు రాతపూర్వక అనుమతి లేకుండా కొండజాతివాళ్ల భూమి బయటివాళ్లకు పోతే చెల్లదంది. 1959లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని సవరించి ఇంకో గట్టి మాట చేర్చారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందుగా భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను నిలబెట్టింది.

1879 కొండవాడికి కోర్టులో లేనిది ఇదే. అప్పుడు కాగితం లేనివాడు ఓడిపోయాడు. ఇప్పుడు కాగితం చూపించే భారం ఎదుటివాడి మీద ఉంది. కానీ ఎదుటివాడు పాత కాగితం తెస్తాడు. 1917కు ముందే కొన్నామంటాడు, వంశపారంపర్యం అంటాడు. దాన్ని చూసి మనవాళ్లు భయపడి కేసు వదిలేస్తే చట్టం ఉండీ లాభం లేదు. ఆ కాగితం ఏ ఏడాదిది, అనుమతి ఎవరిచ్చారు, అసలు అప్పు ఎంత, డిక్రీ ఏకపక్షమా అని అడగడం మన పిల్లలకు నేర్పాలి. గుణకారం నేర్పినంత ఓపికగా నేర్పాలి.

మన ఇళ్లలోనూ కాగితాలు ఉన్నాయి. ముఠాదారు సనదులు, శిస్తు రసీదులు, 1969లో ముఠాలు రద్దయ్యాక వచ్చిన పట్టాలు, తాత పేరున వచ్చిన కోర్టు నోటీసులు వాసాల సందుల్లో, రేకు పెట్టెల్లో చెదలు తింటున్నాయి. వాటిని బయటికి తీసి నకళ్లు తీయించాలి. ఎవరి దగ్గర ఏమున్నదో ఊరంతటికీ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టాలి. దాని పక్క పేజీలోనే ఆ భూమి ఎలా చేతులు మారిందో పెద్దలు చెప్పింది చెప్పినట్టు, చెప్పినవాళ్ల పేరూ తేదీతో సహా రాయాలి.