నాయబ్ ఎక్కడికి పోయాడు? టారో పత్తాల అసలు తారీఖ్

నికా చదివే నాయబ్ ఖాజీ సాబ్ మనందరికీ తెలుసు. ఖాజీ సాబ్ రాలేని చోటికి ఆయన తరఫున వచ్చి, దఫ్తర్‌లో దస్తఖత్‌లు తీసుకుని పోతాడు. నాయబ్ అంటే ఒకరి బదులు పనిచేసేవాడు. ఈ అరబీ లఫ్జ్ ఆరు వందల ఏళ్ల కిందటే సముందర్ దాటి ఇటలీకి పోయింది. అక్కడ దాని మానీ మారిపోయింది, పేకముక్కకే అది పేరైంది. ఇటలీవాళ్లు 'నాయిబీ' అన్నారు. స్పెయిన్‌లో ఈరోజుకీ పేకముక్కలను 'నైపెస్' అనే అంటారు.

ఈ ఖిస్సా ఇప్పుడెందుకంటే, టారో పత్తాలు మన ఇళ్లలోకీ వచ్చేశాయి. కాలేజీ పిల్లలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. అవి కనిపిస్తే పెద్దలు 'ఇదంతా ఫిరంగీల గలీజు, మనకేం తాల్లుఖ్' అంటారు. 'ఇది ఫిరౌన్ల కాలం నాటి ఇల్మ్' అని పిల్లలంటారు. తారీఖ్ తిరగేస్తే ఈ రెండు మాటలూ నిలబడవు.

కైరో నుంచి మొదలుపెడదాం. మమ్లూక్ సుల్తానుల పత్తాల కట్ట ఒకటి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ మహల్లో భద్రంగా ఉంది. ఎల్. ఎ. మేయర్ అనే స్కాలర్ దాన్ని గుర్తుపట్టి 1939లో దాని మీద రాశాడు. మొత్తం కట్ట 52 పత్తాలది, అందులో కొన్ని పోయాయి. నాలుగు రంగులు: ప్యాలాలు, దీనార్లు, తల్వార్లు, చౌగాన్ కర్రలు. చౌగాన్ అంటే గుర్రాల మీద ఆడే పోలో. ఒక్కో రంగులో పై మూడు పత్తాలు మలిక్, నాయబ్ మలిక్, సానీ నాయబ్. అంటే బాదుషా, ఆయన నాయబ్, రెండో నాయబ్. వాటి మీద మనుషుల తస్వీర్లు ఉండవు. బంగారు నఖ్షీ, నీలం మీద అరబీ అక్షరాలు, అంతే.

1377లో ఫ్లోరెన్స్ నగరం 'నాయిబ్బె' అనే కొత్త ఆట మీద పాబందీ పెట్టింది. 1379లో తమ ఊరికి ఈ ఆట సరాసెన్ల దేశం నుంచి వచ్చిందని వితెర్బో నగరపు తారీఖ్ చెబుతుంది. సరాసెన్లంటే వాళ్ల భాషలో మనవాళ్లే. ప్యాలాలు, దీనార్లు, తల్వార్లు అలాగే ఉండిపోయాయి. ఇటలీవాళ్లకు పోలో తెలియదు కాబట్టి చౌగాన్ కర్ర మామూలు కర్రగా మారింది. నేటి టారోలో 'వాండ్స్' అని మంత్రదండంలా చూపించేది ఆ కర్రనే. కైరో మైదానంలో బంతి కొట్టిన కర్ర జాదూ కర్ర అయి కూర్చుంది!

అయితే అప్పటికింకా టారో పుట్టలేదు. 1440 ప్రాంతంలో ఉత్తర ఇటలీ అమీర్లు నాలుగు రంగుల కట్టకు మరో 22 బొమ్మల పత్తాలు కలిపారు. పోప్, బాదుషా, చాంద్, సూరజ్, మౌత్, ఖిస్మత్ చక్రం, ఒక పిచ్చివాడు. రాణిని కూడా చేర్చడంతో ఒక్కో రంగు 14 పత్తాలైంది. 56కు 22 కలిపితే 78. మిలాన్ నవాబు ఖాందాన్ కోసం బంగారు రేకులతో వేసిన కట్టలు కొన్ని ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. ఇదంతా ఆట కోసమే. మన తురుపు ముక్కల్లాగే ఆ 22 పత్తాలు మిగతావాటిని కొట్టేవి. సుమారు మూడు వందల ఏళ్ల పాటు యూరప్‌లో టారో అంటే ఎక్కువమందికి ఆటే.

మరి ఫిరౌన్ల మాట ఎక్కడిది? పారిస్‌లో 1781లో కూర్ ద జెబ్లాఁ అనే ఆయన తన కితాబులో టారో ప్రాచీన ఈజిప్టు పూజారుల దాచిన ఇల్మ్ అని రాసేశాడు. దలీల్ ఒక్కటీ చూపలేదు. ఎలా చూపుతాడు? ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియోఁ ఛేదించింది 1822లో! జెబ్లాఁ రాసేనాటికి ఆ లిపిలో ఒక్క వాక్యం చదవగల మనిషి దునియాలో లేడు. అయినా ఆ మాట బజారులో బాగా అమ్ముడుపోయింది. ఎత్తెల్లా పేరుతో ఒకాయన జోస్యం చెప్పడానికే ప్రత్యేకంగా ఒక కట్ట తయారుచేయించాడు. ఆయన అసలు ఇంటిపేరు అలియెత్, దాన్నే తిరగేసి ఎత్తెల్లా అని పెట్టుకున్నాడు.

ఇక 1909. లండన్‌లో రైడర్ కంపెనీ ఎ. ఇ. వెయిట్ చెప్పిన ప్రకారం ఒక కొత్త కట్ట తెచ్చింది. బొమ్మలు వేసిన కళాకారిణి పమేలా కోల్మన్ స్మిత్. అంతకు ముందు చిన్న పత్తాల మీద సాధారణంగా ఐదు ప్యాలాలో, ఆరు దీనార్లో గీసి ఊరుకునేవారు. పమేలా ఒక్కో పత్తాకు ఒక్కో ఖిస్సా గీసింది. మూడు ప్యాలాలు ఒలికిపోతే తల వంచుకున్న మనిషి, మూడు తల్వార్లు దిగిన దిల్, రాత్రి లేచి చేతుల్లో మొహం దాచుకున్న మనిషి. ఆ బొమ్మలను నేటికీ లక్షలమంది వాడుతున్నారు. అంత పెద్ద పనికి తనకు దక్కింది చాలా తక్కువని ఆమె అప్పట్లోనే ఒక దోస్తుకు ఖత్ రాసింది. 1951లో పేదరికంలోనే కన్నుమూసింది. 78 పత్తాల్లో లోకమంతటి ఖిస్మత్ గీసిన చేతికి తన ఖిస్మత్ దొరకలేదు.

మా భాంజీ కొత్త కట్టతో చేయి అలవాటు చేసుకుంటున్నప్పుడు ఈ సంగతే నాకు బాగా అర్థమైంది. రోజూ పొద్దున ఒక పత్తా తీస్తుంది. వెంట వచ్చిన చిన్న కితాబు తెరవకుండా, బొమ్మలో ఏం కనిపిస్తోందో నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. రెండు వారాలకు 'మామూ, ఇప్పుడు కితాబు లేకుండానే వచ్చేస్తోంది' అంది. రాక ఎక్కడికి పోతుంది? బొమ్మ మనిషిది, బాధ మనిషిది. తల వంచుకున్న మనిషిని చూస్తే ఎవరి దిల్‌లో ఏముంటే అది పైకొస్తుంది. ఆ నోట్‌బుక్ తనే చూపించింది. అందులో గైబ్ సంగతి ఒక్కటీ లేదు. ఎంఎస్సీ చదవాలని ఉందని, ఇంట్లో రిష్తాలు చూస్తున్నారని, ఎవరితో చెప్పాలో తెలియడం లేదని ఉంది.

ఇప్పుడు మన ఇంటి లెక్క కూడా చూద్దాం. ఇరాన్ బాదుషా షా తహ్మాస్ప్ తన సల్తనత్‌లో షరాబ్‌ను బంద్ చేయించిన మనిషి. ఆయన హయాంలోనే పెద్ద పెద్ద తస్వీర్లతో ఫాల్‌నామా తయారైంది. వజూ చేసి, ఫాతిహా, ఇఖ్లాస్ చదివి, కళ్లు మూసి ఒక పేజీ తెరవాలి. ఒకవైపు తస్వీర్, ఎదురుగా దాని జవాబు. ఉస్మానియా సుల్తాన్ అహ్మద్ కోసం కూడా ఒకటి తయారైంది. 1610, 1630 మధ్య మన గోల్కొండలో వేసిన ఫాల్‌నామా ఈరోజు లండన్ ఖలీలీ కలెక్షన్‌లో ఉంది. పట్నాలోని ఖుదా బఖ్ష్ లైబ్రరీలో దీవానె హాఫిజ్ ప్రతి ఒకటుంది. ఏ ఫాల్ తీస్తే ఏం వచ్చిందో హుమాయూన్, జహంగీర్ దాని అంచుల మీద సొంత చేత్తో రాసుకున్నారు. అంటే పత్తా పట్టుకున్న పిల్ల మీద 'ఇది మన ఖాందాన్‌లో లేదు' అని గొంతు చించుకోవడం కుదరదు. ఉంది, అదీ బాదుషాల ఇళ్లలో.

ఉన్నంత మాత్రాన జాయెజ్ అయిపోదు. ఇస్లాంకు ముందు కాబాలో హుబల్ విగ్రహం దగ్గర ఏడు బాణాలుండేవి. నికా చేయాలన్నా, మయ్యత్‌ను దఫన్ చేయాలన్నా, బిడ్డ నసబ్ మీద షక్ వచ్చినా ఆ బాణాలనే అడిగేవారు. ఖురాన్ ఈ అజ్లామ్‌ను సూరె మాయిదాలో షరాబ్, జూదంతో కలిపి హరామ్ చేసింది. మక్కా ఫతహ్ రోజున కాబాలో ఇబ్రాహీం (అ), ఇస్మాయీల్ (అ) చేతుల్లో ఆ బాణాలు పెట్టి గీసిన బొమ్మలు కనిపిస్తే, వాళ్లెప్పుడూ అలా చేయలేదని ప్రవక్త (స) చెప్పి వాటిని తీసేయించారు. హిజ్రత్ వేళ వంద ఒంటెల ఇనాం కోసం వెంటబడ్డ సురాఖా ఖిస్సా కూడా బుఖారీలో ఉంది. బాణం తీస్తే అతనికి నచ్చనిదే వచ్చింది. అయినా గుర్రం ఎక్కే పోయాడు! అడగకముందే అతని దిల్ ఫైస్లా చేసేసుకుంది.

ఖుర్రా వేయడం వేరు సంగతి. సఫర్‌లో ఏ బీబీని తీసుకుపోవాలో ప్రవక్త (స) ఖుర్రా వేసి చూసేవారు. అందరికీ సమానమైన హక్ ఉన్న చోట ఇన్సాఫ్ కోసం వేసేది ఖుర్రా. రేపు ఏమవుతుందని అడిగేది అజ్లామ్. ఈ ఫరఖ్ పిల్లలకు నెమ్మదిగా చెబితే అర్థమవుతుంది.

పెద్దలకూ ఒక మాట. జాబిర్ (రజి) రివాయత్‌లో ఇస్తిఖారా అంటే రెండు రకాతుల నమాజ్, ఒక దువా. ఆ హదీస్‌లో ఖ్వాబ్ మాట లేదు, ఇంకొకరితో తీయించమన్న మాటా లేదు. మనమేం చేస్తున్నాం? ఫోన్‌లో అమ్మాయి పేరు, అబ్బాయి పేరు, వాళ్ల అమ్మీల పేర్లు చెప్పి 'ఇస్తిఖారా తీసి చెప్పండి' అంటున్నాం. తస్బీహ్ గింజలు జోడీలుగా లెక్కపెట్టి అవునో కాదో తేల్చుకుంటున్నాం. పత్తాలు తీస్తే గునాహ్, గింజలు లెక్కపెడితే సవాబ్ అనుకుంటే పిల్లలు నవ్వరా?

కాబట్టి ఇంట్లో టారో కట్ట కనిపిస్తే వెంటనే చించి పారేయకండి. ముందు కూర్చోబెట్టి, ఏం అడిగావు బేటీ అని అడగండి. ఆ పత్తాల మీద గైబ్ ఇల్మ్ లేదు, అది అల్లాహ్ ఒక్కడికే తెలుసు. మన పిల్ల మనతో చెప్పలేక ఆ బొమ్మలతో చెప్పుకున్న సంగతి మాత్రం అక్కడ ఉంటుంది. దానికి కావలసింది మష్వరా. మా బాజీకి ఆ నోట్‌బుక్‌ను భాంజీయే చదివి వినిపించింది. రిష్తాల మాట ప్రస్తుతానికి ఆగింది, ఎంఎస్సీ ఫారం నింపారు. సీటు వస్తుందో రాదో పత్తాకు తెలియదు, నాకూ తెలియదు. దువా చేయండి.